దిగేటప్పుడే నొప్పి

హలో… ఆ, నేనే… లేదు, బొమ్మక్క కాదు. ఫోను బొమ్మక్కది, మాట్లాడేది నేను. రంగమ్మాళ్ అక్కను.

…

నివేదితా? ఉండావా?

— పెట్టెయ్యొద్దు. ఒక్క నిమిషం. నా నంబరు చూస్తే నువ్వు ఎత్తవు. ఈ వారంలో ఎన్ని తూర్లు చేసినానో నీకే తెలుసు. అందుకే నూలు కొట్టుకు మాట్లాడాల, నా ఫోన్లో చార్జు లేదు అని చెప్పి దీని ఫోను అడిగి తెచ్చుకున్నాను.

ఆ… అబద్ధమే.

సరి, అను. ఆ మాట నన్ను అనేదానికి నీకంటే తగినవాళ్ళు ఎవరుండారు.

…

ఎక్కడుండానా? మాడికి ఎక్కే మెట్ల మీద. నడిమి మెట్టు మీద కూచొని ఉండాను. పైన కటింగ్ టేబుల్ దగ్గర నీ బావగారు ఉండారు. కింద బండేజు చుట్టే రోలింగ్ మెషీన్లు తిరగతా ఉండాయి, ఆ సద్దులో ఆడవాళ్ళకు నా మాట వినపడదు. అందుకే ఇక్కడ.

లేదు… ఊరికే కూచోలేదు. దిగలేక కూచున్నాను.

…

పోనీ, అది తర్వాత చెప్తా. మీ అమ్మ బాగుండాదా? … సేత్తూరులో వాన పడిందంట కదా… సరి, సరి. వాన గురించి అడిగేదానికి చెయ్యలేదు.

మీ ఇద్దరికీ బాలాజి చోళపురం రోడ్డులో వేరే ఇల్లు చూసినాడంట. ఆదివారం సామాన్లు ఎత్తేస్తాడంట. … నాకు ఎవరు చెప్తారు? పాప చెప్పింది. బండేజు చుట్టే పిల్లకు తెలిసినాక, ఇంటికి పెద్ద కోడలిని, నాకు తెలిసింది. మరిది నా ముందర కూచొని అన్నం తినినాడు, చెయ్యి కడిగినాడు, పోయినాడు. ఒక్క మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగేదానికి నాకు మొహం ఎక్కడుండాదిలే.

…లేదు నివేదితా. ఆపమని అడగను. మీరు పోయేది పొండి. ఒకే పొయ్యి మీద పదకొండేండ్లు వండుకున్నాం, చాలంటే చాలు. కానీ అబద్ధాలకోరు అని నేను పెట్టిన పేరు నెత్తిన పెట్టుకొని నువ్వు ఈ ఇల్లు దిగిపోవద్దు. రెండు నెలలు మీ అమ్మ ఇంట్లో దాంతోనే కూచున్నావు. అది నేను పెట్టింది, నేనే తియ్యాల.

చెప్తా. చెప్తా, తొందర పెట్టకు.

పోయిన బుధవారం ఆస్పత్రికి పోయినాను. … నాకే. … మోకాలు. … కుడిది. ముందర పక్క, చిప్ప చుట్టూ.

…

నవ్వు. నవ్వుకో, పరవాలేదు.

నవ్వలేదా. నవ్వి ఉంటే నాకు కొంచెం బాగుండేది.

నువ్వు పోయినాక నీ పని ఎవరు చేస్తారు? నేనే చేసినాను. పైన కోసిన బట్ట మూటలు కిందికి, కింద చుట్టిన బండేజు పెట్టెలు పైకి. ఇరవై రెండు మెట్లు, రోజుకు పదిహేను ఇరవై తూర్లు. ఇంకొకరిని పెట్టుకోండని నీ బావగారు అంటే, ఇదేం పెద్ద పనా, కూచొని తినే ఒళ్ళు కాదు నాది అన్నాను. నీకు తగలాలని, నువ్వు లేకపోయినా నీకు తగలాలని అన్నాను. ఆరు వారాలు చేసినాను. ఏడో వారానికి చిప్ప కింద ఇసుక పోసి నలిపినట్టు…

ఆ. అదే. నువ్వు చెప్పిన మాటే. "ఇసుక నలిగినట్టు ఉండాది అక్కా" అన్నావు. అప్పుడు నేను ఏమన్నానో గుర్తు ఉండాదా?

…చెప్పొద్దు. ఉండాదా అని మాత్రమే అడిగినాను.

"ఇంట్లో ఇంత బండేజు పెట్టుకొని నొప్పంటావేమి, ఒక చుట్ట తీసి చుట్టుకో" అన్నాను. ఊళ్ళకంతా బండేజు పంపించే ఇల్లు కదా మనది, ఏ నొప్పయినా చుట్టేస్తే పోతుందని నా నమ్మకం. నాకు వచ్చినప్పుడు నేనూ చుట్టుకున్నాను. గట్టిగా, మూడు చుట్టలు. పాదం వాచింది. నొప్పి అట్లే ఉండింది.

…

డాక్టరు ఎక్స్‌రే చూసినాడు. ఎముకలో ఏమీ లేదన్నాడు. … నీకూ అంతే కదా చెప్పినాడు. ఆ కాగితం నువ్వు నాకు నమ్మకంగా తెచ్చి చూపిస్తే, నేను దాన్ని పట్టుకుపోయి కింద ఆడవాళ్ళకంతా చూపించినాను. "ఇదో, ఏమీ లేదంట" అని. నీ కాగితం అది.

…ఉండావా?

సరి.

తర్వాత ఫిజియో దగ్గరికి పంపినారు. యువశ్రీ అని ఒక చిన్న పిల్ల… నీకు తెలుసా? ఆ పిల్లేనా నీకు చూసింది? … నీ పేరు ఎత్తలేదు, పాపం. నేనూ ఎత్తలేదు, నాకు ధైర్యం లేదు. ఆ పిల్ల నన్ను మంచం మీద కూచోబెట్టి మోకాలు పట్టి చూసి, మెట్లు ఎక్కేటప్పుడు ఎక్కువా, దిగేటప్పుడు ఎక్కువా అని అడిగింది.

దిగేటప్పుడు అని చెప్పినాను.

చెప్పినాక… నా మాట నా చెవిన పడింది, నివేదితా. నువ్వు ఇదే మాట చెప్తే నేనేమన్నాను? బరువు ఎక్కేటప్పుడు కదా ఉండేది, దిగేటప్పుడు ఎవరికైనా నొస్తుందా, తలా తోకా లేని కథ చెప్పొద్దు అన్నాను. అంత తెలివైనదాన్ని నేను. ఆ పిల్లకు అది చెప్పేదానికి అర నిమిషం పట్టలేదు. దిగేటప్పుడు ఒంటి బరువునంతా తొడ ముందరి కండే బ్రేకు పట్టినట్టు పట్టి మెల్లగా దించాలంట, ఆ ఒత్తిడి చిప్ప మీద పడుతుందంట. వచ్చేవాళ్ళలో చానామంది దిగేటప్పుడే అని చెప్తారంట. మోకాలు మడిచి ఎక్కువసేపు కూచున్నా అంతేనంట. బస్సులో, సినిమాలో.

…ఆ. నేనూ ఆ సినిమానే తలుచుకున్నాను అక్కడ.

దీపావళికి అందరం పోయినామే. నడిమిలో లేచిపోయి వెనక గోడకు ఆనుకొని నిలబడినావు. ఇంటికి వచ్చి నేను, సినిమా చూస్తా నిలబడేదానికి కాలు ఉండాది, బండేజు చుట్టతా కూచునేదానికి కాలు లేదా అన్నాను. కూచోలేకే నిలబడినావని నా బుర్రకు తట్టలేదు. టికెట్టు తీసి ఇచ్చిన సీటు వదిలేసి ఎవరన్నా గోడకు నిలబడతారా, అది కూడా నేను ఆలోచించలేదు.

— ఏమి? … ఆ, మాట్లాడతా ఉండాను. నూలు కొట్టుతోనే. అయిదు నిమిషాలు.

బొమ్మక్క. ఫోన్లో చార్జు తొమ్మిదే ఉండాది, చూసి మాట్లాడు అంటుంది.

…

విన్నావు కదా. మళ్ళీ చెప్పినాను అబద్ధం. నువ్వు వింటా ఉండగానే.

సరి, చార్జు ఉండే లోపల చెప్పేస్తా. నేల మీద మడుచుకొని కూచోవద్దు, కుర్చీలో కూచో, నడుమ నడుమ కాలు చాపు అనింది ఆ పిల్ల. కుర్చీ. నువ్వు ఒక్క కుర్చీ అడిగినావు. "మహారాణికి సింహాసనం తెండి" అన్నాను. పాప పిచ్చిగా నిజంగానే తెచ్చేదానికి లేస్తే, కూచోవే అని అరిచినాను. గుర్తు ఉండాదిలే నీకు.

ఇంకొకటి. మాడి గదిలో పడుకొని కాలు ఎత్తేదానివి కదా, మోకాలు మడవకుండా జానెడు ఎత్తు, అయిదు లెక్కపెట్టేదాకా. పక్కకు తిరిగి పడుకొని ఇంకోటి. పట్టపగలు పడుకొని కాళ్ళు ఆడిస్తా ఉండాదని వీధిలోకంతా చెప్పినాను నేను. అదే మందు అంట. తొడ కండ, నడుము పక్క కండ బలపడితేనే చిప్ప సరిగ్గా నడుస్తుందంట. నాకు ఎట్ల అర్థమయిందంటే, మన రోలింగ్‌లో బట్ట ఒక పక్కకు లాగితే అంచు మడుచుకొని ఒరుసుకుంటుంది చూడు, మెషీన్ బాగానే ఉంటుంది, లాగేది సమంగా ఉండదు. అట్ల. ఆ పిల్లతో ఆ మాట చెప్తే, సరిగ్గా అంతే అనలేను గాని దగ్గరికి వచ్చినారు అనింది. పూర్తిగా పడుకొంటే కండ ఇంకా సన్నబడుతుందంట. నొప్పి పదికి మూడు మార్కుల దాకా ఉంటే ఉండనీ, చెయ్యి, మర్నాటికి తగ్గాల అనింది. నూనె రుద్దితే హాయిగా ఉంటుంది అంతే అనింది. మూడు నెలలు పడుతుందంట.

చేస్తా ఉండాను. … పొద్దున, సాయంత్రం. తలుపు గడి పెట్టుకొని. ఎవరన్నా చూస్తే ఏమంటారో అని.

…

అవును. నేను అన్నట్టే అంటారు.

నీ బావగారు అననే అన్నారు. శనివారం మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు, నేల మీద కూచోలేక నేను గోడ పట్టుకొని లేస్తే, నవ్వుతా, "ఏమి, కప్పురం వెలిగించనా?" అన్నారు. ఊరికే అన్నారు. ఆయన మనసులో ఏమీ లేదు. ఎంగిలి చేత్తోనే పెరట్లోకి పోయి ఏడ్చినాను. ఒక్క మాటకే, నివేదితా. ఇంట్లో, ఎవరూ లేనప్పుడు, మొగుడు ఊరికే అన్న ఒక్క మాటకు.

…

ఆ రోజు సంగతి చెప్పనీ. నువ్వు ఆపొద్దు.

శుక్రవారం పూజ. పళ్ళెంలో కప్పురం వెలుగుతా ఉండాది. పదకొండు మంది ఆడవాళ్ళు మెషీన్లు ఆపి నిలబడి ఉండారు. పళ్ళెం నీ ముందర పెట్టి, దీన్ని చేత్తో కొట్టి ఆర్పు, "నా మోకాలు ఇప్పుడు నొప్పిగా ఉండాది" అని సత్యం చెయ్యి అన్నాను. నువ్వు చెయ్యి ఎత్తినావు. మళ్ళీ దించేసినావు. "ఇప్పుడు నొప్పి లేదక్కా" అన్నావు.

నవ్వినారు అందరూ. అందరికంటే ముందర నవ్వింది నేను. దొరికిపోయినావు కదా అని, ఇంతే కదా అని…

సమంగా నిలబడితే నొప్పి ఉండదు. నాకూ ఉండదు. మెట్టు దిగితే ఉండాది, కూచొని లేస్తే ఉండాది, సమంగా నేల మీద నిలబడితే ఏమీ లేదు. నువ్వు నిలబడి ఉంటివి. నేను "ఇప్పుడు" అని అడిగినాను. కప్పురం ముందర అబద్ధం చెప్పేదానికి చెయ్యి రాక నువ్వు నిజం చెప్పినావు. ఆ పూట అక్కడ నిజం చెప్పింది నువ్వు ఒక్కదానివే. దానికే నీకు అబద్ధాలకోరు అని పేరు పెట్టినాను.

…

ఏడవద్దు. … లేదు, ఏడువు. నేనెవరు వద్దనేదానికి.

…

ఏమనాలో నాకు తెలీదు నివేదితా. సారీ అంటే బస్సులో కాలు తొక్కినప్పుడు చెప్పే మాట. మన్నిప్పు అని అరవంలో అంటే మైకు పట్టుకొని మాట్లాడినట్టు ఉంటుంది. మన మాటలో దీనికి ఏమంటారే? మా అమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు. మా అవ్వ నోట వినలేదు. వాళ్ళు తప్పు చేస్తే మర్నాడు ఒక గరిటె నెయ్యి ఎక్కువ వేసి ఊరుకుంటారు. నేనూ అట్లే బాలాజి చేతికి పప్పొడి ఇచ్చి పంపినాను. … ఆ, చూసినాను. పొడి అట్లే వాపసు వచ్చింది. నెయ్యితో పోయేది కాదని అప్పుడే తెలిసింది.

…

ఏమి?

…కుడి కాలే. నొప్పి కుడిదే. … దిగేటప్పుడు మంచి కాలు ముందర పెడతా ఉండాను, ఎందుకు? … తప్పా?

… ఎక్కేటప్పుడు మంచి కాలు ముందర. దిగేటప్పుడు నొప్పి కాలు ముందర. … ఆ. మంచి కాలు పైన ఉండి బరువు పట్టాల. … మెట్ల పక్క కమ్మి పట్టుకొని. ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి. … సరి. ఆ పిల్ల నాకూ చెప్పే ఉంటుంది. నేను వినలేదు. నీ గురించి తలుచుకుంటా కూచున్నాను అక్కడ.

నన్ను తిట్టాల కదా నువ్వు. కాలు ఎట్ల పెట్టాలో చెప్తావేమి.

…

ఏమన్నావు? మెషీన్ సద్దు. మళ్ళీ చెప్పు.

…

ఆ.

…అవును. పదకొండు మంది ముందర అన్నాను. మెట్ల మీద దాక్కొని అడుగుతా ఉండాను. అది కూడా ఇంకొకరి ఫోన్లో.

శుక్రవారం పూజలో చెప్తాను నివేదితా, అందరూ ఉంటారు, వాళ్ళ ముందరే… — ఇవాళ శుక్రవారమే. తెలుసు. పొద్దున పూజ అయిపోయింది. కప్పురం నేను వెలిగించలేదు, పాపను వెలిగించమని చెప్పి వెనక నిలబడినాను. … అవును. వచ్చే శుక్రవారానికి మీరు ఉండరు.

వాళ్ళు నా దగ్గర పని చేసేవాళ్ళు. రేపటి నుంచి నేను ఒక మాట అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నాకు సిగ్గుగా ఉండాది. చచ్చేంత సిగ్గుగా…

…

లేదు. నీకు ఎట్ల ఉండిందో నేను అడగలేదు. ఒక్క తూరి కూడా అడగలేదు.

…

సరి.

పెట్టొద్దు. లైన్లోనే ఉండు. దిగుతా ఉండాను.

…కమ్మి పట్టుకున్నాను. కుడి కాలు కిందికి… ఆ. ఎడమది పక్కన. … ఒకటి.

… రెండు. … అవునే. ఇట్ల దిగితే తక్కువగానే ఉండాది. … నవ్వినావా ఇప్పుడు? … సరి, నవ్వలేదు.

… అయిదు.

— ఎవరితోనా? నివేదితతో. … నూలు కొట్టు కాదండీ, నివేదితతో. సేత్తూరుకు. మీరూ కిందికి రండి. … రండి, చెప్తా.

నీ బావగారు. పైనుంచి తొంగి చూస్తా ఉండారు. … వస్తా ఉండారు. ఆయన రెండేసి మెట్లు దిగుతారు, చూడు, దేవుడు ఇచ్చిన మోకాళ్ళు.

… తొమ్మిది. … పది. … చార్జు మూడు ఉండాది. ఉండు.

… పదకొండు. నేల.

బొమ్మక్కా, మెషీన్ ఆపు. … అన్నీ ఆపండి. … కరెంటుకు ఏమీ కాలేదు. నేనే ఆపమంటా ఉండాను. పాపా, నువ్వూ ఆపు. ఇటు చూడండి అందరూ.

…

నివేదితా, స్పీకర్లో పెట్టినాను. విను.

రెండు నెలల ముందర ఇదే చోట, ఈ దేవుడి పటాల ముందర, నివేదితను నేను అబద్ధాలకోరు అన్నాను. మీరు నవ్వినారు. నేను నవ్వితే మీరు నవ్వక ఏం చేస్తారు, మీ తప్పు లేదు. దాని మోకాలికి నొప్పి ఉండింది. నిజంగా ఉండింది. మెట్లు దిగితే, మడుచుకొని కూచుంటే వస్తుంది, ఊరికే నిలబడితే ఉండదు. అది ఆ రోజు చెప్పిందే నిజం. ఇప్పుడు నాకు అదే నొప్పి వచ్చింది కాబట్టి తెలిసింది. రాకపోయి ఉంటే ఇంకా నవ్వుతానే ఉండేదాన్ని, అంత గొప్పదాన్ని. దాని కాగితం మీకు చూపించింది నేను, కుర్చీ అడిగితే ఎగతాళి చేసింది నేను. తప్పు నాది.

…

అంతే. ఇంకేమీ లేదు.

నివేదితా, విన్నావా?

… నివేదితా? హలో? … హలో…

బొమ్మక్కా, ఇది ఆరిపోయిందే. … ఎప్పుడు? మెట్ల దగ్గరనా, ఇక్కడికి వచ్చినాకనా? … ఎవరూ చూడలేదా.

… లేదు, చార్జు పెట్టి మళ్ళీ చెయ్యొద్దు. నొప్పి ఉండిందని దానికి ముందరే తెలుసు. తెలియనిది మీకు. మీకు చెప్పినాను.

ఇదో నీ ఫోను.

పాపా, పైన కుర్చీలు ఉండాయి, రెండు దించు. … రెండనే చెప్పినాను. ఒకటి నాకు. ఒకటి ఆ కిటికీ పక్కన, దాని చోట పెట్టు. ఆదివారం సామాన్లకు వచ్చినప్పుడు కూచునేదానికైనా ఉండాల కదా.